ఆ పన్నెండు మంది చాట్ రోజులు: పాత గేమ్ స్ట్రీమింగ్ గుర్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పాత_జాయ్‌స్టిక్:

నిన్న రాత్రి నిద్ర పట్టక లైవ్‌గా గేమ్ ఆడి చూపించే ఒక పెద్ద స్ట్రీమ్ పెట్టుకుని కూర్చున్నా. 40 వేల పైచిలుకు మంది చూస్తున్నారు. ఆడేవాడు బాగానే ఆడుతున్నాడు, బొమ్మ అద్దంలా ఉంది, మాటలు కూడా సరదాగానే ఉన్నాయి. అలవాటు కొద్దీ చాట్‌లో "హాయ్" అని కొట్టా. ఎంటర్ నొక్కి తలెత్తేసరికి నా హాయ్ ఎటు పోయిందో పోయింది. రాసిన నాకే కనపడలేదు, ఇక ఆయనకేం కనపడుతుంది.

అప్పుడు పాత రోజులు గుర్తొచ్చాయి. 2010 ప్రాంతంలో జస్టిన్ టీవీ అనే లైవ్ వీడియో సైటులో గేమింగ్ సెక్షన్ ఉండేది, ఇప్పుడు గేమ్ స్ట్రీమ్‌లకి పెద్ద సైటైన ట్విచ్ పేరు అప్పటికి ఇంకా లేదు. అందులో ఒకాయన రోజూ రాత్రి పాత ప్లాట్‌ఫార్మర్ గేమ్‌లు (గెంతుతూ గట్లు దాటేవి) ఆడేవాడు. చూసేది మేం పన్నెండు మందిమి, ఒక్కోరోజు తొమ్మిది. బొమ్మ ఎంత మసకగా ఉండేదంటే స్కోరులో ఉన్నది 3 నా 8 నా అన్నది ఆయన చెబితే తప్ప తెలిసేది కాదు. అయినా రోజూ వెళ్లేవాళ్లం.

ఒక రాత్రి నీళ్లు తాగొస్తానని లేచాడు, పాజ్ నొక్కడం మర్చిపోయాడు. కెమెరాలో ఖాళీ కుర్చీ, ఇంకా మెల్లగా తిరుగుతూనే ఉంది. గేమ్‌లో హీరో గట్టు చివర నిలబడి ఉన్నాడు, అటువైపు నుంచి ముళ్ల పురుగు ఒకటి తాపీగా నడుచుకుంటూ వస్తోంది. చాట్‌లో మేమంతా "పాజ్", "పాజ్ పాజ్", "అయ్యో ఎవరైనా పిలవండి" అని ఒకటే గోల. ఎవరం పిలుస్తాం, ఆయనెక్కడో మేమెక్కడో. పురుగు వచ్చింది, తగిలింది, హీరో పోయాడు. మళ్లీ అదే గట్టు మీద లేచాడు, మళ్లీ అదే పురుగు. మూడు ప్రాణాలూ అలాగే పోయాయి. ఆయన గ్లాసు పట్టుకుని వచ్చి, గేమ్ ఓవర్ చూసి, ఒక్క క్షణం ఆగి, ముక్కు స్క్రీన్‌కి ఆనేంత దగ్గరగా వంగి మేం రాసిందంతా చదివాడు, ఒక్కొక్కరి పేరూ పైకి పలుకుతూ. నా పేరు దగ్గరికి వచ్చి "నువ్వు కూడా చూస్తూ ఊరుకున్నావా" అన్నాడు. ఆ మాటకి నాకు ఆ రాత్రంతా నవ్వు ఆగలేదు.

అడగాలనుకున్నది రెండు. ఒకటి, అప్పుడు నిజంగానే బాగుండేదా లేక అప్పుడు మన వయసు బాగుండేదా? రెండోది, ఆ పాత స్ట్రీమ్‌ల వీడియోలు ఎక్కడైనా దొరికే దారి ఉందా? ఆ పురుగుని ఇంకోసారి చూడాలని ఉంది.

బిట్‌రేట్_బాబాయ్:

తమ్ముడూ, రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తా, ఎందుకంటే అది బాధ కలిగించేది. దొరకదు. జస్టిన్ టీవీని 2014 ఆగస్టు 5న మూసేశారు. ఆ స్ట్రీమ్ చేసినాయన అంతకుముందే ఆ వీడియోని యూట్యూబ్‌కి ఎక్స్‌పోర్ట్ చేసుకుని ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. గేమ్ ఓవర్ అయిన క్లిప్‌ని దాచుకునే ఓపిక అప్పట్లో ఎవరికుందిలే.

అసలు ఆ సైటు గేమ్‌ల కోసం పెట్టింది కూడా కాదు. 2007 మార్చిలో జస్టిన్ కాన్ అనే ఆయన టోపీకి కెమెరా తగిలించుకుని, రోజంతా తను ఏం చేస్తున్నాడో నెట్‌లో లైవ్‌గా చూపిస్తానని మొదలెట్టాడు. ఆ ఏడాది అక్టోబర్‌లో అందరికీ తలుపులు తెరిచారు. గేమ్‌లు ఆడుకునేవాళ్లు వచ్చి ఓ మూల చాప పరుచుకున్నారు, చివరికి ఆ మూలే ఇల్లంతా అయిపోయింది. 2011 జూన్‌లో దాన్ని విడదీసి ట్విచ్ అని పేరు పెట్టారు. పాత సైటు మూసిన నెలలోనే అమెజాన్ ట్విచ్‌ని 97 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు చెప్పింది. చాప వేసుకున్నవాళ్లలో ఇది ఊహించినవాడు ఒక్కడు కూడా ఉండడు.

ఇక ఆ మసక సంగతి. అది నాకు బాగా తెలుసు, ఆ మసక తయారు చేసిన వాళ్లలో నేనూ ఒకణ్ని. ఒకే కంప్యూటర్, గేమూ అదే నడపాలి, వీడియోని కుదించి పంపే పనీ అదే చెయ్యాలి. అప్‌లోడ్ అంతంతమాత్రం. వీడియో కుదింపులో కిటుకేంటంటే, ముందు ఫ్రేమ్‌కీ ఈ ఫ్రేమ్‌కీ మారిన భాగం మీదే బిట్లు ఖర్చవుతాయి. ఏమీ కదలకపోతే బొమ్మ శుభ్రంగా ఉంటుంది. గడ్డి ఊగినా, వాన పడినా, పొగ లేచినా తెరంతా ఒకేసారి మారుతుంది, ఉన్న కాస్త బిట్‌రేటూ (సెకనుకి పంపగలిగే డేటా) చాలదు, అంతా గళ్లు గళ్లు అయిపోతుంది. అందుకే ఆ రోజుల్లో పాత 16-బిట్ గేమ్‌ల స్ట్రీమ్‌లు కాస్త చూడబుల్‌గా ఉండేవి, కొత్త షూటర్ గేమ్ పెడితే ఎవడు ఎవణ్ని కాలుస్తున్నాడో దేవుడికే తెలియాలి. నేనైతే మా వ్యూయర్లు అడిగారని వాన పడే లెవెల్స్ ఎగ్గొట్టేవాణ్ని.

స్ట్రీమ్ పంపే సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే మొదట అడోబీ వాళ్ల ఫ్లాష్ మీడియా లైవ్ ఎన్‌కోడర్. అందులో సీన్లు లేవు, బొమ్మ మీద ఇంకో బొమ్మ పెట్టే ఓవర్‌లేలు లేవు, కెమెరా ఏదో చూపిస్తే దాన్ని పంపుతుంది, అంతే. కాబట్టి స్క్రీన్‌నే కెమెరా అని దాన్ని నమ్మించడానికి ఇంకో ప్రోగ్రామ్. తర్వాత ఎక్స్‌స్ప్లిట్ వచ్చింది, ఆ తర్వాత 2012లో ఓబీఎస్. హ్యూ బెయిలీ అనే ఆయన మొదలెట్టి ఫ్రీగా, సోర్స్‌తో సహా జనం మీదకి వదిలాడు. విండోస్ 7లో ఏరో థీమ్ (విండోలు గాజులా మెరిసే రూపం) ఆన్‌లో ఉంటే స్క్రీన్ క్యాప్చర్ నత్తలా నడిచేది, అందుకని స్ట్రీమ్ మొదలెట్టే ముందు ఏరో ఆఫ్ చెయ్యాలి, డెస్క్‌టాప్ అంతా ఒక్కసారిగా పదేళ్లు వెనక్కి పోయినట్టు వెలిసిపోయేది. మొదట్లో గేమ్ సౌండ్ వెళ్లాలంటే సౌండ్ సెట్టింగ్స్‌లో దాక్కుని ఉండే స్టీరియో మిక్స్‌ని వెతికి ఆన్ చెయ్యాలి. కొన్ని కంప్యూటర్లలో అది ఉండేదే కాదు.

నా దగ్గరున్న చవక క్యాప్చర్ స్టిక్ ఒకటి, గేమ్ పెట్టె బొమ్మని కంప్యూటర్‌కి ఎక్కించేది (ఏ కంపెనీదో చెప్పను, దాని మీద సరిగ్గా పేరు కూడా లేదు) ఇరవై నిమిషాలు దాటితే చాలు, సౌండు ముందు, బొమ్మ వెనక. హీరో ఇంకా గాల్లో ఉండగానే కింద పడిన చప్పుడు వినపడేది. కాబట్టి ఇరవై నిమిషాలకోసారి "ఒక్క నిమిషం" అని చెప్పి, పసుపూ ఎరుపూ తెలుపూ వైర్లు అలాగే ఉంచి స్టిక్‌ని మాత్రం పీకి మళ్లీ గుచ్చేవాణ్ని. మా చాట్‌లో దానికి "హారతి టైమ్" అని పేరు పెట్టారు.

చాట్_మూల:

బాబాయ్ హారతి టైమ్ 😂

నా వరకు మొదటి జ్ఞాపకం కప్పా. చాట్‌లో అందరూ వాక్యం చివర కప్పా కప్పా అంటుంటే, ఇదేంటి వీళ్లకి కప్పల మీద ఇంత ప్రేమ అనుకున్నా. అది జస్టిన్ టీవీలో పనిచేసిన ఒక ఉద్యోగి మొహం అట, నలుపు తెలుపులో ఇంత చిన్న బొమ్మ, వెటకారంగా అన్నాను సుమా అని చెప్పడానికి వాడతారని తెలిసేసరికి నెల పట్టింది. తీరా చూస్తే కప్పా అంటే జపాన్ జానపద కథల్లో నీళ్లలో ఉండే ఒక జీవి పేరు. అంటే నేను మరీ అంత దూరంగా ఏమీ పోలేదు.

కానీ జాయ్‌స్టిక్ అన్నా, చాట్ చిన్నగా ఉంటేనే బాగుంటుంది అంటే నేను ఒప్పుకోను. 2014లో ట్విచ్ ప్లేస్ పోకెమాన్ చూశారా? ఫిబ్రవరి 12న మొదలై మార్చి 1న అయిపోయింది. ఆడేవాడంటూ ఎవరూ లేరు. చాట్‌లో "అప్", "డౌన్", "ఏ", "బీ" అని కొడితే పోకెమాన్ రెడ్‌లో ఆ బటన్ పడుతుంది. ఒకేసారి లక్షకు పైగా జనం ఉన్న రోజులున్నాయి. మనం కొట్టింది స్క్రీన్ మీద కనపడేసరికి చాలా సెకన్లు గడిచిపోతాయి, ఇప్పుడు కనపడుతున్న చోటికి కాదు, అప్పటికి ఎక్కడుంటాడో ఊహించి కొట్టాలి. లక్ష మంది, లక్ష ఊహలు. ఒక చోట సన్నటి గట్టు మీదుగా కుడివైపుకి నడవాలి, మధ్యలో ఒక్కడు "డౌన్" కొడితే కిందికి దూకేస్తాడు, మళ్లీ చుట్టూ తిరిగి రావాలి. గంటలు గంటలు అక్కడే. మామూలుగా పిల్లాడు ఐదు సెకన్లలో దాటే చోటు. నేను అన్నం కంచం పక్కన పెట్టుకుని "రైట్ రైట్ రైట్" అని బస్సు కండక్టర్‌లా కొడుతూ కూర్చున్నా, ఎవడో ఒకడు దింపేస్తూనే ఉన్నాడు.

బ్యాగ్ తెరిచి అప్పటికి వాడటానికి వీల్లేని హెలిక్స్ ఫాసిల్ అనే వస్తువుని పదే పదే సెలెక్ట్ చేస్తున్నారని, దాన్ని సలహా అడుగుతున్నాం అని ఎవరో అన్నారు, రెండు రోజుల్లో అది దేవుడైపోయింది. మా పోకెమాన్ చార్మీలియన్‌ని దాచబోయి పొరపాటున అడవిలోకి వదిలేసినప్పుడు చాట్ ఏడ్చింది, నిజంగా. పదహారు రోజుల తర్వాత గేమ్ గెలిచాం. "గెలిచాం" అనే అంటా, నా "రైట్" కూడా ఎక్కడో ఒకచోట పనికొచ్చే ఉంటుంది.

సున్నా_వ్యూయర్లు:

అందరూ మంచి విషయాలే చెబుతున్నారు, నేను రెండోవైపు చెబుతా.

పన్నెండు మంది అంటున్నారు మీరు, నాకు మొదటి ఆరు నెలలూ ఇద్దరు. అందులో ఒకటి నేనే, సరిగ్గా వస్తోందా లేదా అని ఇంకో ట్యాబ్‌లో తెరిచి పెట్టుకునేదాన్ని. మాట్లాడుతూనే ఉండాలి, ఆపితే వచ్చినవాళ్లు వెళ్లిపోతారు అని ఎవరో సలహా ఇచ్చారు, కాబట్టి ఎవరూ లేని గదిలో ఎవరితోనో "ఇప్పుడు ఎడమవైపు తలుపు తీద్దాం" అని మాట్లాడుతూ ఉండేదాన్ని. రెండు గంటలు అలా మాట్లాడి, చివర్లో మైక్ మ్యూట్‌లో ఉందని చూసుకున్న రోజు కూడా ఉంది.

జనం రావడం మొదలయ్యాక ఇంకో రకం. ఆడపిల్ల గొంతు వినపడితే చాలు, గేమ్ గురించి ఒక్క ప్రశ్న ఉండదు. మోడరేషన్ (చాట్‌లో పిచ్చి రాతలు ఆపే పని) అంటే నేనే, ఒక చేత్తో కంట్రోలర్, ఇంకో చేత్తో మౌస్, బ్యాన్ నొక్కేలోపు అదే మనిషి ఇంకో పేరుతో ప్రత్యక్షం. ఇప్పుడున్నన్ని ఫిల్టర్లు, బాట్లు అప్పుడు నా దగ్గర లేవు. చివరికి కొన్నాళ్లు మైక్ తీసేసి టైప్ చేస్తూ ఆడాను. పాత రోజులు బంగారం అని ఎవరైనా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే, ఏమీ అనుకోకండి.

అయితే ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఒక వ్యూయర్ ఉండేవారు, పేరు చివర నాలుగు అంకెలు, ఎప్పుడూ ఏమీ మాట్లాడరు. నేను చాలాసేపు మౌనంగా ఉండిపోతే మాత్రం ఒక చుక్క పెట్టేవారు. "." అంతే. నేను ఉన్నాను అన్నట్టు. నేను "థ్యాంక్స్" అని మళ్లీ మాట్లాడటం మొదలెట్టేదాన్ని. దాదాపు ఏడాది నడిచింది ఈ చుక్కల వ్యవహారం. వాళ్లు ఆడో మగో, చిన్నో పెద్దో, ఈ రోజుకీ తెలీదు. ఒక రోజు నుంచి రాలేదు. మూడు వందల మంది చూస్తున్న రోజున కూడా కాసేపు మాటలు ఆగితే నా కళ్లు చుక్క కోసమే వెతికేవి.

వీడియోలంటారా, నేను స్ట్రీమ్ చేసిన సైటు పాత బ్రాడ్‌కాస్ట్‌లు ఎన్నాళ్లయినా ఉంటాయనే చెప్పింది, తర్వాత ఉండవు అంది. నోటీసు వచ్చిన వారం నాకు పరీక్షలు. అంతే సంగతి.

చిన్నోడు_19:

అన్నలూ అక్కలూ, మీరు చెప్పేవి అన్నీ ఇప్పుడూ ఉన్నాయి. ఏదైనా గేమ్ పేజీకి వెళ్లి వ్యూయర్లు తక్కువ నుంచి ఎక్కువకి అని సార్ట్ చేసుకోండి. ఒక్కడు, ఇద్దరు చూస్తున్న స్ట్రీమ్‌లు వందల్లో ఉంటాయి. హాయ్ అంటే మీ పేరుతో సహా పలకరిస్తారు, ఎంత సంతోషపడతారో చూడండి. మీరు అక్కడికి వెళ్లరు, 40 వేల మంది ఉన్న చోటికి వెళ్లి ఎవరూ పలకరించలేదు అంటారు.

పాత_జాయ్‌స్టిక్:

@చిన్నోడు_19 తమ్ముడూ, గట్టిగానే వేశావు. సరే, ఇవాళ వెళ్లి చూస్తా.

@సున్నా_వ్యూయర్లు అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివా. నేను చూసిన ఆ స్ట్రీమ్‌లో ఆడుతున్నది మగాడు, చూసేవాళ్లం అంతా దాదాపు ఒకే రకం మనుషులం, అందుకే అంత హాయిగా ఉందేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు ఆ ఆలోచనే రాలేదు.

సోఫా_వెనక_వరుస:

స్పీడ్‌రన్ (గేమ్‌ని వీలైనంత వేగంగా ముగించడం) మారథాన్‌ల గురించి ఎవరూ అనలేదేం? గేమ్స్ డన్ క్విక్ మొదటిది 2010 జనవరిలో జరిగింది, క్లాసిక్ గేమ్స్ డన్ క్విక్ అనేవాళ్లు. ఒక గేమింగ్ కన్వెన్షన్ దగ్గర పెట్టుకున్నారు, తీరా అక్కడి ఇంటర్నెట్ స్ట్రీమ్‌కి సరిపోలేదు, సామాన్లన్నీ సర్దుకుని నిర్వాహకుడు మైక్ ఉయామా వాళ్ల అమ్మగారి ఇంటి బేస్‌మెంట్‌కి వెళ్లిపోయి అక్కడ నడిపించారు. కేర్ అనే సేవా సంస్థకి 10 వేల డాలర్లు దాటి విరాళాలు వచ్చాయి. ఇప్పుడు అదే కార్యక్రమం ఒక్కోసారి పది లక్షల డాలర్లకు పైగా వసూలు చేస్తోంది, పెద్ద హాలు, లైట్లు, వరుసగా కుర్చీలు.

నాకు మాత్రం ఆ తొలి మారథాన్‌లే ఇష్టం. ఆడేవాడి వెనక సోఫా, దాని మీద నలుగురు ఇరుక్కుని కూర్చుని ఉంటారు, వాళ్లలో ఒకడు నిద్రపోతుంటాడు. మిగతావాళ్లు వాణ్ని లేపకుండా గుసగుసగా గేమ్ గురించి చెబుతుంటారు. ఆ గుసగుస వినడానికి వాల్యూమ్ పెంచితే గేమ్ సౌండ్ చెవులు పగలగొట్టేది.

బిట్‌రేట్_బాబాయ్:

అందరివీ చదివాక ఒకటి తోచింది. మనం సైజు గురించి వాదించుకుంటున్నాం కానీ ఆలస్యం గురించి ఎవరూ మాట్లాడలేదు. బ్రౌజర్‌లో ఫ్లాష్ ప్లేయర్‌తో చూసిన రోజుల్లో మనం అన్న మాట ఆడేవాడికి చేరి, వాడి జవాబు మనకి తిరిగి రావడానికి కొద్ది సెకన్లే పట్టేది. తర్వాత సైట్లన్నీ వీడియోని చిన్న చిన్న ముక్కలుగా కోసి పంపే పద్ధతికి మారాయి. ఫోన్లలో, టీవీల్లో చూడటానికి అది మంచిదే, ఎంతమందికైనా పంపొచ్చు. కానీ మొదట్లో ఆ ముక్కలు పేరుకుని ఆలస్యం అర నిమిషం దాకా పోయేది. నువ్వు "వెనక చూడు" అంటావు, వాడు అప్పటికే చచ్చి ఇంకో లెవెల్‌లో ఉంటాడు. అలాంటప్పుడు ఎవడు మాట్లాడతాడు? అరవడం ఒక్కటే మిగిలింది. ఇప్పుడు మళ్లీ ఆ ఆలస్యం బాగా తగ్గించారనుకో, కానీ జనానికి అరవడం అలవాటైపోయింది.

చిన్నోడు చెప్పింది నిజమే. నేనూ అప్పుడప్పుడూ వెళ్తుంటా. ఒకతను ఆడుతూ నన్ను "సార్" అన్నాడు, వెంటనే బయటికొచ్చేశా.

పాత_జాయ్‌స్టిక్:

మూడు రోజుల తర్వాత వస్తున్నా. మీ మాటలన్నీ విని పాత హార్డ్ డిస్క్ బయటికి తీశా. మొదట్లో చెప్పలేదు, చెప్పడానికి సిగ్గేసింది, నేను కూడా 2013లో నాలుగైదుసార్లు స్ట్రీమ్ చేశాను. అందులో ఒక్కటి ఓబీఎస్‌లో పక్కన రికార్డ్ కూడా పెట్టుకున్నట్టున్నా, ఎఫ్‌ఎల్‌వి వీడియో ఫైల్ దొరికింది, 41 నిమిషాలు.

బొమ్మ వస్తోంది, సౌండ్ లేదు. కింద మూలలో వెబ్‌క్యామ్‌లో నేను, ఇప్పటికంటే జుట్టు బోలెడు. గేమ్ ఏమంత బాగా ఆడట్లేదు, ఒకే గొయ్యిలో మళ్లీ మళ్లీ పడుతున్నా. కానీ నేను గేమ్ చూడలేదు, ఆ మూలలో మొహాన్నే చూస్తూ కూర్చున్నా. చాట్ కోసం పాత ల్యాప్‌టాప్ ఎడమవైపు పెట్టుకునేవాణ్ని, అందుకని నిమిషానికోసారి ఎడమవైపు చూస్తున్నా. చూసి నవ్వుతున్నా. ఒకసారి తల అడ్డంగా ఊపి ఏదో వాదిస్తున్నా. 23వ నిమిషంలో ఎడమవైపు చూసి, కంట్రోలర్ ఒళ్లో పెట్టేసి, చెయ్యెత్తి ఊపాను, ఎవరో వెళ్లిపోతుంటే ఊపినట్టు. వాళ్లు రాసిందేదీ వీడియోలో లేదు. వీడియోతో పాటు చాట్ కూడా మళ్లీ చూసే సౌకర్యం ట్విచ్‌లో 2016లో కదా వచ్చింది. బాబాయ్, సౌండ్ ఏమైనా బయటికి తీయగలవా? నేను ఎవరితో ఏం మాట్లాడానో వింటే గుర్తొస్తుందేమో.

బిట్‌రేట్_బాబాయ్:

ఫైల్ పంపు, చూస్తా.

బిట్‌రేట్_బాబాయ్:

చూశాను తమ్ముడూ. ఆడియో ట్రాక్ ఉంది, 41 నిమిషాలూ ఉంది, కానీ అంతా గీత గీసినట్టు చదునుగా ఉంది. గేమ్ సౌండ్ తీసుకునే డివైస్ తప్పు పెట్టావు నువ్వు, మైకు కూడా ఇంకో డివైస్ మీద పెట్టినట్టున్నావు. అంటే ఆ రోజు చూసినవాళ్లకి కూడా ఏమీ వినపడి ఉండదు. బహుశా వాళ్లు అదే రాస్తున్నారు, నువ్వు అది చూసే నవ్వుతున్నావు.

ఇంతకీ 23వ నిమిషంలో చెయ్యి ఊపింది ఎవరికి?

పాత_జాయ్‌స్టిక్:

అదే గుర్తు రావట్లేదు బాబాయ్.